మైలేజీ స్క్రూ ఎక్కడ?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించో, డి.ఎ. బకాయిల గురించో మాట్లాడవలసిన వయస్సులో ఈయన మోటారు సైకిలు గురించి మాట్లాడటమేమిటని మీరనుకోవచ్చును. మనలో చాలామంది బ్యాంకుకూ, మందుల షాపుకూ ఇప్పటికీ బండి మీదనే వెళుతున్నారు. మిగిలినవారి ఇళ్ళలో కొడుకులో, మనుమలో నడుపుతున్నారు. పెట్రోలు ఖర్చు మాత్రం అందరికీ తగులుతూనే ఉంది.

మన రోజులలో స్కూటరుకు కార్బురేటరు ఉండేది. మైలేజీ తగ్గితే మెకానిక్ ప్లగ్గు ఊడదీసి చూసేవాడు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. స్క్రూ అరచుట్టు తిప్పి, ఇంజను శబ్దం విని సరిచేసేవాడు.

2020 ఏప్రిల్ 1 నుండి కొత్త బండ్లకు బి.ఎస్.6 నిబంధనలు వచ్చాయి. దానితో మోటారు సైకిళ్ళు, స్కూటర్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనుకు మారిపోయాయి. వీటిలో ఆ స్క్రూ కోసం వెదకటం వృథా. పంపు పెట్రోలును ఒత్తిడితో పంపితే, ఇంజెక్టరు దానిని తుంపరగా చల్లుతుంది. అది ఎంతసేపు తెరచి ఉండాలో ఇ.సి.యు. అనే చిన్న కంప్యూటరు సెకనులో వెయ్యవ వంతుల లెక్కన నిర్ణయిస్తుంది.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇ.సి.యు. హెడ్ క్లర్కు వంటిది. గాలి ఒత్తిడి, ఇంజను వేడి, యాక్సిలరేటరు ఎంత తిప్పారన్న సంగతి, ఈ తపాలంతా దాని బల్ల మీదికి వస్తుంది. అది చూసి పెట్రోలు మంజూరు చేస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు ఆడిటరు. పొగలో ఆక్సిజన్ మిగిలితే పెట్రోలు తక్కువైందనీ, మిగలకపోతే ఎక్కువైందనీ రిపోర్టు పంపుతుంది. వెంటనే సవరణ జరుగుతుంది. మామూలు నడకలో ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి అన్న పాళ్ళు ఈ విధంగానే నిలుస్తాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బజారులో కొందరు ఒక చిన్న పెట్టె తగిలించి మైలేజీ పెంచుతామంటున్నారు. అటువంటివి చాలావరకు చేసేది సెన్సారు పంపే రిపోర్టును మార్చటమే, అంటే దొంగ వోచరు పెట్టటమన్నమాట. పెట్రోలు మరీ తగ్గితే ఇంజను వేడెక్కి, లాగుడు తగ్గి, నడిరోడ్డు మీద బండి ఆగిపోవచ్చును. ఎక్కువైతే పొగగొట్టంలోని ఖరీదైన కన్వర్టరు పాడవుతుంది. వైర్లు కత్తిరించిన బండికి వారంటీ కూడా చిక్కులో పడుతుంది. మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులవారు ఆ పెట్టె కొనబోయి, ముందు ఎయిర్ ఫిల్టరు మార్పించి చూశారు. పెట్టె అవసరమే లేకపోయింది.

ఇంకొక మాట. ఇప్పుడు బంకులలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తున్నది. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడవ వంతు తక్కువ. కనుక మైలేజీ కొంచెం తగ్గితే అది మెకానిక్ తప్పూ కాదు, బండి తప్పూ కాదు. కార్బురేటరు బండి ఉన్నవారు రబ్బరు పైపులు ఒకసారి చూపించుకోవటం మంచిది.

మరి మనం చేయదగినవేమిటి? వారానికొకసారి టైర్లలో గాలి చూపించాలి. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు గడువుకు మార్పించాలి. బ్రేకు పట్టేస్తున్నదేమో చూడాలి. ట్యాంకు అడుగంటనీయరాదు, లోపలి పంపును చల్లబరచేది ఆ పెట్రోలే. తాళం తిప్పగానే వెలిగే ఇంజను బొమ్మ దీపం, బండి స్టార్టయిన తరువాత కూడా ఆరకపోతే సర్వీసు సెంటరుకు వెళ్ళాలి. వారు యంత్రం తగిలించి లోపం చదువుతారు. కొన్ని మోడళ్ళలో ఐడ్లింగు పాళ్ళు సవరించేది కూడా ఆ యంత్రంతోనే. మూసిన షెడ్డులో ఇంజను ఆన్‌లో ఉంచరాదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

చివరగా, ట్యాంకు నింపినప్పుడల్లా తేదీ, లీటర్లు, కిలోమీటర్లు ఒక చిన్న పుస్తకంలో వ్రాయండి. జీవితమంతా రిజిస్టర్లు వ్రాసిన చేతులు మనవి. ఆ లెక్క ముందుంటే ఎవరూ మనకు పెట్టెలు అంటగట్టలేరు. మనుమలకూ ఈ అలవాటు నేర్పండి.