యూవీ నీళ్ల మిషన్‌కు లోను ఇచ్చే ముందు



పోయిన వానకాలం మా గ్రామ సంఘంలో ముగ్గురు సభ్యులు నీళ్ల మిషన్ కొంటామని లోను అడిగిండ్రు. అమ్మేటాయన యూవీ అన్నడు, అన్ని రోగాలు పోతయన్నడు. తీర్మానం రాసే ముందు ఈ యూవీ ఏందో మేము తెలుసుకున్నం.

యూవీ అంటే అతినీలలోహిత కిరణాలు. కంటికి కనపడవు, ఎండలో కూడా ఉంటయి. మిషన్‌లో గొట్టం లాంటి దీపం ఉంటది. నీళ్లు దాని పక్క నుంచి పోతుంటే కిరణాలు క్రిముల లోపలి డీఎన్ఏను దెబ్బ తీస్తయి. ఆ క్రిములు ఇక పెరగలేవు, రోగం తేలేవు. మందు కలపరు కాబట్టి రుచి మారదు. 1990లలో బెంగాల్ దిక్కు కలరా వచ్చినప్పుడు, అమెరికాలో పనిచేసే మన శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్ పల్లెలకు సరిపోయే చవక యూవీ యంత్రం తయారు చేసిండు. తర్వాత కృష్ణా జిల్లా పల్లెల్లో కూడా యూవీ నీటి కేంద్రాలు పెట్టిండ్రు.

మంచిదే. కానీ అక్కలారా, యూవీ ఫ్లోరైడును తీయదు, ఉప్పును తీయదు. నీళ్లు మడ్డిగా ఉంటే క్రిములు మట్టి చాటున తప్పించుకుంటయి, అందుకే ముందు వడపోత ఉండాలె. కరెంటు పోతే పని బంద్. దీపం వెలుగుతనే ఉన్నా ఏడాదికి అటూఇటూగా దాని బలం తగ్గుతది, మార్చాలె. ఆ ఖర్చు మాత్రం అమ్మేటాయన నోట రాలేదు! ఇంకో సంగతి. నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన వస్తే మనం ముఖం తిప్పుకుంటం గానీ, బిందెలో పోసినంక కూడా కాపలా ఉండేది అదే. యూవీ నీళ్లకు ఆ కాపలా లేదు. చెయ్యి ముంచితే మళ్లీ క్రిములే.

2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ మొదలైంది మన గజ్వేల్ దగ్గరి కోమటిబండలోనే. శుద్ధి చేసిన నీళ్లే నల్లాకు వస్తున్నయి. మరి మిషన్ ఎవరికి అవసరం? ముగ్గురి ఇండ్ల నీళ్లు పరీక్ష సీసాల్లో పోసి రెండు రోజులు ఉంచినం. నల్లబడితే క్రిములున్నట్టు. ఒక ఇంటివి మారలేదు, ఆ అక్క లోను వద్దనుకుంది. రెండో ఇంటివి నల్లబడ్డయి. చూస్తే పైపు మోరీలో పగిలి ఉన్నది. పంచాయతీ వాళ్లతో బాగు చేయించినం. అప్పటిదాకా ఆ ఇంట్లో నీళ్లు తెర్లబెట్టుకొని, చల్లారినంక మూతపెట్టుకొని తాగిండ్రు.

మూడో అక్కది ఊరి చివర ఇల్లు, బోరు నీళ్లు. సీసా నల్లబడ్డది. ఫ్లోరైడు కూడా ఉంటే యూవీ ఒక్కటి కొని లాభం లేదు. రిపోర్టు వచ్చినంక వచ్చే మీటింగులో ఆమె లోను తీర్మానం పెడతం.