గురి రైఫిలు: ఇనుమునకు కొయ్యకు పొందిక



2024వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన, పారిస్ ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల రైఫిలు మూడు భంగిమల పోటీయందు స్వప్నిల్ కుసాలే కాంస్య పతకము గెలిచెను. ఆయన అప్పుడు మధ్య రైల్వేలో టికెట్లు తనిఖీ చేయు ఉద్యోగి. కావున ప్రభుత్వోద్యోగులకది ఇంటి శుభవార్త. ఆ పోటీలో పది మార్కుల వలయపు వ్యాసము 10.4 మిల్లీమీటర్లు మాత్రమే; చిటికెనవ్రేలి గోటంత. అంత చిన్నచోట మరల మరల గుండు తగులవలెనన్న కన్ను, చేయి, ఊపిరి చాలవు. స్టాకు అను పట్టుభాగములో తుపాకి ఇనుము ప్రతి పర్యాయము ఒక్క తీరుగ కూర్చుండవలెను. నేటి ప్రసంగ విషయము ఆ కూర్చుండుటయే. దీనిని బెడ్డింగ్ అందురు.

గురిపోటీల రైఫిలు గొట్టము లావుగా నుండును. లావైన ఉక్కు తక్కువగా కంపించును, ఆలస్యముగా వేడెక్కును. కాని ఆ బరువంతయు ముందుకు చాచుకొని యుండుటచే, దానిని పట్టియుంచు వెనుకటి యంత్రభాగముపై భారము పడును. యాక్షన్ అని దాని పేరు. దానిని స్టాకులోని గుంటలో మరలతో బిగింతురు. గుంట సరిగా లేనిచో మరలు బిగించినప్పుడే ఇనుము వంగును. పిదప ప్రేలుడు తాకిడికి కొంచెము కదలి వేరొక తీరున కూర్చుండును.

ఆ కొంచెమెంతయో లెక్క చూడుడు. 600 మిల్లీమీటర్ల గొట్టపు కొన 0.05 మిల్లీమీటరు ప్రక్కకు తిరిగినదనుకొందము. మామూలు కాగితపు మందములో అది సుమారు సగము. 50 మీటర్ల దూరమున ఆ తేడా 4 మిల్లీమీటర్లు దాటును. 300 మీటర్లకు 25 అగును. కాల్చినవాడు పాపము తన చేతిని నిందించుకొనును.

కొయ్య స్థిరమైన వస్తువు కాదు. వానకాలమున తలుపు ఉబ్బి ద్వారబంధమును పట్టుకొనుట ఎరుగనివారెవరు? ఢిల్లీ వేసవిలో ఎండి శ్రావణమున ఉబ్బిన స్టాకు గొట్టమును ప్రక్కనుండి నొక్కిన గురి మారును. అందుచే గొట్టము చుట్టును సందు విడుతురు. క్రింద కాగితము జొనిపి వెనుకకు లాగిన ఎచటను అడ్డు తగులరాదు. .303 లీ-ఎన్‌ఫీల్డ్ వంటి సన్నని గొట్టముల సైనిక రైఫిళ్లలో కొయ్య ముందుకొన గొట్టమును క్రిందినుండి ఒత్తునట్లు అమర్చెడివారు. లావు గొట్టమునకు ఆ ఊత అక్కరలేదు. యాక్షనుకు ముందు ఒకటి రెండంగుళముల మేర ఆధారమిచ్చువారు మాత్రము కలరు. దీనిపై పనివారిలో వాదము తెగలేదు.

పూర్వమిది కేవలము ఉలిపని. దీపపుమసిని నూనెలో కలిపి ఇనుమునకు పూసి గుంటలో దించి తీసెడివారు. మసి అంటినచోట కొయ్య ఎత్తుగా నున్నదని గురుతు. అచట గీకి, మరల పూసి, మరల దించవలెను, ఓపికయే పనిముట్టు. నేడు గుంటను కొంత తొలిచి ఎపాక్సీ ముద్ద నింపుదురు. ఇనుము అంటుకొనకుండ మైనము పూసి, మరల రంధ్రములను మట్టితో మూసి, యాక్షనును నెమ్మదిగా దించుదురు. మైనము మరచినవాని రైఫిలు మరి ఊడిరాదు! ముద్ద గట్టిపడువరకు మరలను బలముగా బిగింపరాదు. బిగించిన వంకరయే అచ్చుపడును.

అన్నిటికంటె ముఖ్యము రికాయిల్ లగ్, అనగా ప్రేలుడు వెనుకతోపును స్టాకునకందించు ఉక్కు మెట్టు. దాని వెనుక ముఖము నిండుగా ఆనవలెను. ముందు, ప్రక్కల, అడుగున మాత్రము సన్నని సందుండవలెను. అందులకు ఆ మూడు వైపుల ముందుగా టేపు అంటింతురు. ఈ పని లైసెన్సు గల ఆర్మరర్ చేయదగినది. తూటా లేదని చూచి, బోల్టు తీసిన పిదపనే ఆరంభింపవలెను.

పరీక్ష సులభము. రైఫిలును నిలిపి, గొట్టమును కొయ్యను కలిపి వ్రేలు నుంచి, ముందు మరను వదులు చేసి మరల బిగింపవలెను. గొట్టము కదలినట్లు వ్రేలికి తెలిసిన, లోపల వంకర మిగిలియున్నది. అప్పుడు ఆ ఎపాక్సీని తొలిచి, మొదటినుండి మరల పోయవలసినదే.