గాలివాన పెట్టెలో బెల్లపుండ

బంగాళాఖాతపు ఒడ్డున కాపురముండు మనకు ఏడాదిలో రెండు కాలములు కంటికి కునుకు పట్టనీయవు. ఏప్రిల్, మే నెలలు ఒకటి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు రెండవది. ఈ కాలములందు సముద్రముపై వాయుగుండము పుట్టినదన్న వార్త వినగానే మనము మొదట తలచునవి బియ్యము, పప్పు, మంచినీళ్లు, కొవ్వొత్తులు, మందులు. అది న్యాయమే. కాని ఇవన్నియు దేహమును నిలుపునవి. గాలివాన మూడునాళ్లు తలుపులు బాదుచుండగా చీకటి గదిలో కూర్చున్న మనుష్యుని మనస్సును నిలుపునవి వేరే కొన్ని కలవు. అవి చాల చిన్నవి: ఒక బెల్లపుండ, గుప్పెడు వేయించిన శనగలు, ఒక గ్లాసెడు కాఫీ, నాలుగు గవ్వలు. ఈనాడు వానిని గూర్చి ముచ్చటింతము.

ప్రాణము మీదికి వచ్చినపుడు చిరుతిండ్ల చింత యేమిటని నవ్వువారు ఉందురు. వారికి మన తీరపు చరిత్రయే సమాధానము చెప్పగలదు. 1977 నవంబరు 19న దివిసీమపైకి సముద్రము పొంగి వచ్చినపుడు సుమారు 10,000 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. అంతకు మించి యుందురని చెప్పువారును కలరు. ఇల్లే కొట్టుకొనిపోయిన నాడు ఇంటిలోని నిలువను గూర్చి మాటలాడుటకు తావులేదు. 1990 మే నెలలో ప్రచండమైన తుఫాను మరల కృష్ణా తీరమును తాకినది. ఆనాడు లక్షకు పైగా జనులను ముందే తరలించుటచేత మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముననే తీరము దాటినది. అంత పెద్ద నగరముపై అంతటి గాలి వీచినను, ఆంధ్రప్రదేశములో పోయిన ప్రాణములు వందకు లోపే.

ఈ మూడు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక సంగతి తేటపడును. ముందస్తు హెచ్చరికల వలనను, తరలింపుల వలనను మనలో ఎక్కువమంది నేడు తుఫానునుండి బ్రతికి బయటపడుచున్నాము. బ్రతికినవారికి మిగులునది నిరీక్షణము. హుద్‌హుద్ వెళ్లిన పిదప విశాఖవాసులు రోజుల తరబడి విద్యుత్తు లేక, ఫోను పలుకక, పాలకును పెట్రోలుకును వరుసలలో నిలుచుండిరి. అనగా మనము సిద్ధపడవలసినది ఒక్క రాత్రి గాలికి మాత్రమే కాదు. ఆ తరువాతి దినములకు కూడ.

ఆ దినములలో మనస్సు ఎట్లుండునో తుఫాను రక్షణ భవనములో రెండు రాత్రులు గడపినవారిని అడుగవలెను. క్రొత్త చోటు, తడిసిన చాప, ఎరుగని ముఖములు. పెద్ద గుండిగలో వండిన పులిహోర వడ్డించిన, పెద్దవారు కన్నులకద్దుకొని తిందురు; నాలుగేండ్ల బిడ్డ మాత్రము నోరు తెరువదు. ఆ బిడ్డ పేచీ ఆకలిది కాదు, భయముది. అట్టివేళ తల్లి కొంగుముడి విప్పి, ఇంటిలో రోజును తిను మరమరాల ఉండను చేతికిచ్చిన, ఇల్లు ఎక్కడికిని పోలేదన్న ధైర్యము ఆ రుచిద్వారా బిడ్డకు చేరును. ఒక్క ముక్క కొరికిన తరువాత రెండు ముద్దల అన్నము కూడ లోనికి పోవును.

పెద్దల సంగతియు ఇట్టిదే. కాఫీకి అలవాటుపడిన దేహమునకు అది అందనిచో 12 నుండి 24 గంటలలో తలనొప్పియు, చిరాకును పట్టుకొనుట సహజము. తుఫాను నడుమ ఇంటిపెద్ద విసుగుకొనిన, ఆ విసుగు ఇల్లంతయు ప్రాకును. మధుమేహమునకు మందు వాడువారికి భోజనము వేళ తప్పినచో రక్తములోని చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. చెమటలు, వణుకు, తికమక కలుగును. అప్పుడు చేతికందిన రెండు చెంచాల పంచదార ప్రాణమును నిలుపును. కనుక ఏది అవసరము, ఏది ముచ్చట అని గీత గీయుట మనమనుకొన్నంత సులభము కాదు.

మన పెద్దలు ఈ గీతను గీయలేదు. ఎండాకాలమున ఆవకాయ జాడీకి వాసెన కట్టినపుడు, మేడమీద వడియములును అప్పడములును ఎండబెట్టినపుడు, వారు వానాకాలమునకు రుచిని కూడ నిలువచేసిరి. బియ్యపు గాదె ప్రక్కనే బెల్లపు కుండ యుండెను. స్నేహితుని చూడబోవుచు కుచేలుడు కొంగున కట్టుకొని పోయినది పిడికెడు అటుకులే. పొయ్యి రాజవేయ నక్కరలేని తిండికి మన నాట గల మర్యాద అంత పాతది.

ఇక పెట్టెలో ఏమి పెట్టవలెను? ఏది నిలువయుండును, ఏది చెడును అనుటకు ఒక సూత్రము కలదు. తిండిని చెడగొట్టు సూక్ష్మజీవులకు తడి కావలెను. వేయించినపుడును ఎండబెట్టినపుడును తడి పోవును. ముదురు పాకములో తీపి ఆ తడిని తనలో బంధించి ఉంచును. అందుచేతనే అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, సున్నుండలు, పల్లీపట్టీలు నిలువకు పనికివచ్చును. పటికబెల్లము తడి తగులనిచో ఏండ్లతరబడి చెడదు. బెల్లము మాత్రము వానగాలికి చెమ్మగిల్లి కరగును. దానిని మూతబిగువైన డబ్బాలో ఉంచవలెను. నేతితోను నూనెతోను చేసినవానికి శత్రువులు గాలి, వెలుతురు. వానివలన చిక్కువాసన పుట్టును. సున్నుండలు కొన్ని వారములకే గాని నెలలకు ఆగవు.

అయిదుగురు గల కుటుంబమునకు మూడు దినములకై రెండు కిలోల అటుకులు, కిలో బెల్లము, అరకిలో వేయించిన శనగలు, ఒక చిన్న సీసా నీళ్లలో కలుపుకొను కాఫీపొడి, పాలపొడి, కొంచెము పటికబెల్లము, సోంపు చాలును. త్రాగు నీరు మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున 45 లీటర్లు వేరుగా పెట్టుకొనవలెను. ఇందు రెండు జాగ్రత్తలు. ఉప్పును కారమును ఎక్కువైన జంతికలు, పకోడీలు దాహమును పెంచును. నీరు కొలుచుకొను దినములకు అవి తగవు. నాలుగేండ్లు నిండని పిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా ఈయరాదు. చీకటిలో గొంతుకు అడ్డుపడిన చూచుకొనలేము. పొడిచేసి బెల్లముతో కలిపి పెట్టవలెను.

తినునవియే కాక, చేతులకును చెవులకును పని కల్పించునవి కూడ కొన్ని కావలెను. అష్టాచెమ్మా గవ్వలు, ఒక పేకదస్తా, పిల్లల కథల పుస్తకము, నూనెగుడ్డలో చుట్టిన పొడి దుప్పటి, అదనపు బ్యాటరీలతో ఒక చిన్న రేడియో. హెచ్చరికలు వినుటకు రేడియో అవసరము. వార్తలకు వార్తలకు నడుమ ఒక పాట వినబడుట మనోధైర్యమునకు అవసరము.

నిలువ వేరు, దొంగనిలువ వేరు. సముద్రము నెమ్మదిగానున్న నెలలలో వారమునకొక పొట్లము చొప్పున కూర్చుకొనుట నిలువ. హెచ్చరిక వెలువడిన సాయంత్రము దుకాణమునకు పరుగెత్తి పాలపొడి డబ్బాలన్నియు ఎత్తుకొని వచ్చుట పొరుగింటి పసిబిడ్డ నోటిలోనిది లాగుకొనుట. దాహము వేసినపుడు బావి త్రవ్వుట వ్యర్థమని సామెత. ఇక్కడ అది వ్యర్థము మాత్రమే కాదు, అన్యాయము కూడ. దినకూలిపై బ్రతుకువారికి ముందుగా కొనిపెట్టుట ఎంత కష్టమో మన మెరుగనిది కాదు. రక్షణ భవనములో మన పిల్లవాడు బెల్లపుండ కొరుకుచుండగా, ఎదుటి చాపపై కూర్చున్న మరియొక పిల్లవాడు గుటకలు మ్రింగుచు చూచుచుండును. ఆ ఘడియలో మన పెట్టె మనకు ఓదార్పు కాజాలదు, సిగ్గే మిగులును. కనుక ఇంటిలో ముగ్గురు పిల్లలున్నచో ఆరుగురికి సరిపడ ఉండలు చుట్టవలెను. దానికగు ఖర్చు స్వల్పము.

ఈ పెట్టెను కట్టి అటకమీద మరచిపోరాదు. ఏటికి రెండుమార్లు, ఉగాదికి ఒకసారి, వినాయకచవితికి ఒకసారి దానిని దింపి చూడవలెను. రెండు పండుగలును రెండు తుఫాను కాలములకు ముందే వచ్చును. పాతబడినవానిని ఇంటిల్లిపాదియు తిని, క్రొత్తవి పెట్టవలెను. నడుమ సున్నుండల వంటివానిని తరచుగా మార్చుచుండవలెను. ఇంటిపనులలో పిల్లలు తామై గుర్తుచేయు పని ఇదియొక్కటే కావచ్చును.

మన వాతావరణ శాఖవారు తుఫాను రాకను గూర్చి 72 గంటల ముందు తొలిసూచనను, 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు గట్టి హెచ్చరికను వెలువరింతురు. తొలిసూచన వినిననాడే పెట్టె అటక దిగి గుమ్మము దగ్గరకు రావలెను. తరలిపొండని అధికారులు చెప్పినపుడు మారుమాటాడక దానిని చంకనిడి బయలుదేరవలెను. కాగితములు, మందులు, నీళ్లు అడుగున సర్దుకొనుడు. బెల్లపుండల డబ్బా మాత్రము చేతికందునట్లు పైన ఉండనిండు.