వీణలో జర్రుమనే చప్పుడు

2023 మే నెలలో మా ఆవిడ వీణ జర్రుమనసాగింది. షాపతను తీగెలన్నీ మార్చాలన్నాడు. ఆవిడ వాయించడమే మానేసింది, నాకదే బాధ. ఇన్నేళ్లు ఫైళ్లలో తప్పులు వెతికినవాణ్ణి, ఇదీ వెతుకుదామని కూర్చున్నాను.

ముందు పక్కనున్న 3 తాళం తీగెల్నీ వేలితో అదిమాను. చప్పుడు ఆగలేదు. మెట్టు నొక్కకుండా సారణి మీటితే శుభ్రంగా పలికింది. అంటే గుర్రం దగ్గర దోషం లేదన్నమాట. ఒక్కో మెట్టూ నొక్కుతూ పోతే పైనుంచి 5వ మెట్టు దగ్గర పట్టుబడింది. ఎండకు మైనం మెత్తబడి ఆ మెట్టు కుంగింది; తీగె 6వ దానికి తగులుతోంది. 24 మెట్లూ నిలబడేది మైనం మీదే కదా!

మేళం కట్టే ఆయన వచ్చి ఆ మెట్టు సరిచేశారు. తీగె ఒక్కటీ మార్చలేదు. వీణను కిటికీ పక్క నుంచి లోపలి గదిలోకి మార్చాం. సాయంత్రాలు మళ్లీ వినబడుతోంది.