ప్లాస్టిక్కులో విద్యుత్తు నడక

హైదరాబాదు నుండి విజయవాడకు పోవువారికి చిల్లకల్లు టోల్‌గేటు సుపరిచితము. సంక్రాంతి రద్దీలో, రహదారిపై వేగముగా వచ్చిన బండ్లన్నియు అచ్చట బారులు తీరును. విద్యుత్తును పోనిచ్చు ప్లాస్టిక్కు కథ చెప్పుటకు మేము ఈ గేటునే ఎన్నుకొంటిమి.

ప్లాస్టిక్కు విద్యుత్తును పోనీయదని మనమెరిగినదే. కాని 1977లో షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ అను శాస్త్రజ్ఞులు పాలీఎసిటిలీన్ పొరకు అయొడిన్ ఆవిరి సోకింపగా, దాని వాహకత లక్షల రెట్లు పెరిగెను. 2000లో వారికి నోబెల్ బహుమతి లభించెను.

అందలి కీలకమిది. ఆ పదార్థమున కర్బన పరమాణువులు గొలుసులుగా నుండును. అయొడిన్ ఒక ఎలక్ట్రానును లాగుకొనగా ఖాళీ యేర్పడును. ప్రక్క ఎలక్ట్రాను అందు చేరగా ఖాళీ ముందుకు జరుగును. గొలుసు వెంట ఈ నడక సులభము. వేరొక గొలుసునకు మాత్రము గెంతవలెను. ఆలస్యమంతయు ఆ గేటు కడనే! అందుకే వెంట్రుకకంటె వందల రెట్లు సన్నని నానో తంతువులలో గొలుసులను వరుసగా పేర్చి, గెంతులను తగ్గించుటకు శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. ఈ జాతికి చెందిన పాలీఎనిలీన్‌పై హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోను పరిశోధనలు జరిగినవి.

ఇది విని ఇంటి తీగల తొడుగును శంకింపవలదు. అది ఈ జాతిది కాదు. చిరిగినచో మాత్రము లోని తీగ ప్రాణాంతకము. వెంటనే మార్పింపవలెను.