ఏటవాలు పళ్లు – వర్తకధర్మము
(కోయంబత్తూరు తెలుగువారి సభలో చేసిన ప్రసంగము)



మేము యంత్రభాగముల వర్తకులము, పండితులము కాము. మిల్లు గేర్‌బాక్సు పళ్లపై గుంటలు పడినప్పుడెల్ల చాలకాలము ఉక్కునే నిందించితిమి. పళ్ల నడుమ ఒత్తిడిని విచారింపమైతిమి.

తిన్నని పళ్లు ఆసాంతము ఒక్కమారే తాకును. ఏటవాలు పళ్లు ఒక కొసనుండి క్రమముగా కలిసి, భారమును ప్రక్కపళ్లతో పంచుకొనును. పంటిపై భారము సగమైనచో, హెర్ట్జ్ సూత్రము ప్రకారము స్పర్శపు ఒత్తిడి నూటికి 71 వంతులగును. ఆ తగ్గుదలయే పంటి ఆయువును మిక్కిలి పెంచును.

అయితే వాలును 15 నుండి 30 డిగ్రీలకు పెంచినచో ఇరుసుపై ప్రక్కత్రోపు రెండింతలు దాటును. తగిన బేరింగులు లేనిచో లాభమే నష్టమగును.

గేరు చెడిన దినమున కూలి పోవునది కార్మికునికే. కావున మన యువకులు పళ్లు కోయుటతోపాటు లెక్కకట్టుటయు నేర్వవలెను. మేమును ధర చెప్పుటకు ముందు భారమెంతయని అడుగుదుము.