పడవ వెంట గాలము

మలక్‌పేట చెంత పారు మూసీ నది 1908లో నగరమును ముంచెత్తినది. ఆ ముప్పు మరల రాకుండుటకై, దాని ఉపనదియగు ఈసాపై 1927 నాటికి హిమాయత్ సాగరము వెలసినది. ఇట్టి విశాల జలాశయములలో, అధికారుల అనుమతి యున్నచోట, పడవ నడుపుచు గాలము లాగదలచు శ్రోతలకు రెండు మాటలు విన్నవింతును.

బొచ్చె, రాగండి చేపలు కదలు ఎరను వెన్నాడవు, వాలుగ వెన్నాడును. దానికై కొయ్యతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన బొమ్మచేపను గాలమునకు కట్టుదురు. లాగునప్పుడు దాని మూతికున్న పలకను నీరు ఒత్తగా అది లోతునకు దిగును. సన్నని దారమును పొడవుగా విడిచినచో మరింత దిగును. మనిషి నింపాదిగా నడచునంత వేగము పడవకు చాలును.

ఇరుప్రక్కలను ముందువైపున పొడవైన గాలపు కఱ్ఱలను, వెనుకవైపున పొట్టివానిని అమర్చవలెను. అప్పుడు దారములు ఎడమెడముగా సాగును. పడవను విశాలముగా మలుపవలెను; ఇఱుకుగా త్రిప్పినచో దారములు పెనవేసికొనును. ఆ చిక్కు విడదీయుటకై అందఱును లేచి ఒకే ప్రక్కకు వంగినప్పుడే పడవ ఒరుగును.

కావున ఈ అమరిక చేప కొఱకే కాదు, మన ప్రాణముల కొఱకు కూడ. లైఫ్ జాకెట్టు తొడుగుకొనకుండ పడవ నెక్కకుడు.